డ్యూక్ ఇంటికి టికెట్టు ఎలా వచ్చింది?

ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ అనే భవంతి ఉంది. డెవన్‌షైర్ డ్యూకులది (డ్యూక్ అంటే అక్కడి ప్రభువుల్లో అత్యున్నత బిరుదు). ఆ డ్యూకుల కావెండిష్ వంశం వారు నేటికీ అందులోనే కాపురం ఉంటున్నారు. అయినా చూడబోయినవారు గుమ్మంలో టికెట్టు కొనాల్సిందే. అంతటి సంపన్నులకు ఈ టికెట్టు డబ్బులు ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1549లో విలియం కావెండిష్, ఆయన భార్య బెస్ ఈ ఎస్టేటును 600 పౌండ్లకు కొన్నారు. ఇప్పుడున్న భవనంలో ముఖ్యభాగం 1687 నుంచి మొదటి డ్యూక్ కట్టించినది. చూడవచ్చేవారు ఆనాటి నుంచీ ఉన్నారు. 1849లో రైలు దగ్గరలోని రౌస్లీ దాకా రావడంతో ఆ వేసవిలోనే ఎనభై వేల మంది వచ్చారట. ఎంత సామాన్యుడు వచ్చినా ఫౌంటెన్లు విప్పి చూపించాలన్నది ఆరో డ్యూక్ ఆజ్ఞ.

ఈ ఆరో డ్యూక్ పెళ్లి చేసుకోలేదు, డబ్బు మాత్రం ధారాళంగా ఖర్చుపెట్టాడు. 1826లో ఇరవై రెండేళ్ల జోసెఫ్ ప్యాక్స్టన్‌ను తోటమాలుల పెద్దగా పెట్టుకున్నాడు. రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో ప్యాక్స్టన్ ఎగువ బీడు మీద చెరువు తవ్వించి, ఆ నీటిని గొట్టాల్లో కిందికి దింపి, పంపు లేకుండానే ఆకాశానికి ఎగజిమ్మించాడు. చక్రవర్తి రానేలేదు. ఫౌంటెన్ పేరు మాత్రం ‘ఎంపరర్’గానే ఉండిపోయింది. తోటలో రాగితో చేసిన విల్లో చెట్టు ఒకటి ఉంది. దగ్గరికి వెళ్లి వింతగా చూస్తుంటే కొమ్మల్లోంచి నీళ్లు చిమ్మి తడిపేస్తుంది. పెద్దింటి వాళ్ల పరాచికాలు ఇలాగే ఉంటాయి!

ప్యాక్స్టన్ అద్దాల గదిలో పెంచిన అరటికి డ్యూక్ వంశం పేరే పెట్టారు. అనంతపురం, కడప తోటల్లో మన రైతులు జి-9 అంటున్న అరటి ఆ కావెండిష్ జాతిదే.

కష్టకాలం పన్ను రూపంలో వచ్చింది. ఆస్తిపరుడు చనిపోతే ప్రభుత్వానికి కట్టాల్సిన ఎస్టేట్ డ్యూటీ 1894లో పుట్టినప్పుడు గరిష్ఠంగా 8 శాతం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది 80 శాతానికి చేరింది. పదో డ్యూక్ పెద్దకొడుకు 1944లో యుద్ధంలో చనిపోయాడు. డ్యూక్ ఆస్తిని రెండో కొడుక్కి దక్కేలా ముందే బదలాయించాడు. బదలాయించాక ఐదేళ్లు బతికితే పన్ను పడదు. 1950 నవంబరులో కట్టెలు కొడుతూ ఆయన గుండెపోటుతో కుప్పకూలాడు. గడువు తీరడానికి కొన్ని నెలలే ఉంది.

బాకీ తీర్చడానికి ఏళ్లు పట్టింది. వేల ఎకరాలు అమ్మారు. హోల్బైన్, రెంబ్రాంట్ వంటివారి చిత్రాలు చేజారాయి. బెస్ కట్టించిన హార్డ్‌విక్ హాల్‌ను పన్ను కింద ప్రభుత్వానికి ఇచ్చేస్తే, అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతికి వెళ్లింది. వారసుల చేతకానితనం వల్ల ఇళ్లు పోతాయంటారు గానీ, ఇక్కడ దెబ్బ కొట్టింది మాత్రం కేలండరే.

పెద్ద పెద్ద భవంతులు ఎన్నో నేలమట్టమైన ఆ దశాబ్దాల్లో చాట్స్‌వర్త్ నిలిచిందంటే టికెట్టు, ఎస్టేటు పంటను అమ్మే అంగడి, పిల్లలు పశువులను చూసే కొట్టం కూడా అందుకు ఆసరా. ప్యాక్స్టన్ కట్టిన మహా అద్దాల మందిరాన్ని వెచ్చగా ఉంచే స్తోమత లేక 1920లోనే పేల్చేశారు. ఆ చోట ఇప్పుడు పిల్లలు దారి తప్పే పచ్చని చెట్ల చిట్టడవి ఉంది.

1981లో భవనాన్ని, తోటను ఒక ధార్మిక ట్రస్టుకు అప్పగించారు. టికెట్టు డబ్బులు దానికే చేరతాయి. సొంత ఇంట్లో ఉంటున్నందుకు కుటుంబం కూడా ఆ ట్రస్టుకు అద్దె కడుతోంది.