మోటరు గుంజని నీళ్లు

దేవరకొండ దగ్గర మా బాయికాడ ప్రతి ఎండాకాలం ఇదే తంతు. నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటరు వట్టిగా తిరిగేది. నాయిన పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు విప్పి చూసేవాడు, గాలి పోతుందేమోనని పైపులో పెండనీళ్లు పోసేవాడు. ఆఖరికి మెకానిక్ వచ్చి, "పది హెచ్‌పీ పెట్టినా గుంజదన్నా, మోటరు కిందికి దించాలె" అనేవాడు. తాళ్లు కట్టి నలుగురు పట్టి దించితే నీళ్లు మళ్లీ దూకేవి.

1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో రాసిందీ ఇదే. పంపు చెడిపోలేదు, నీళ్లే లోతుకు పోయాయి, సుమారు 34 అడుగులు దాటితే ఏ పంపూ ఎక్కించలేదని బాగుచేసేవాడు చెప్పాడట. గెలీలియో దానికి ఒక కారణం ఊహించాడు: పొడుగాటి తాడు తన బరువుకు తానే తెగినట్టు నీటి స్తంభమూ తెగుతుందని. ఆయన శిష్యుడు టారిచెల్లి ఇంకోలా ఆలోచించాడు. పంపు నీళ్లను గుంజదు, బాయిలో నీటి మీద పడే గాలి బరువే వాటిని పైపులోకి నెడుతుంది. ఆ గాలి మోయగలిగింది అంతే.

1644 నాటికి ఒక కొస మూసిన గాజు గొట్టంలో పాదరసం నింపి, పాదరసమున్న గిన్నెలో బోర్లించి చూశారు. నీటికంటే 13.6 రెట్లు బరువైన పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. అయితే ఏమిటి? బరువైన తాడు తొందరగా తెగదా? లెక్క ఇద్దరికీ సరిపోయింది. మా ఊరి బాయిలన్నిట్లో వెయ్యిసార్లు మోటరు దించినా ఆ తగువు తేలేది కాదు. ఏ ప్రయోగం చేస్తే తేలుతుందో సిద్ధాంతమే చెప్పాలి. గాలి బరువే కారణమైతే గుట్ట మీద గాలి తక్కువ, కాబట్టి పాదరసం దిగాలి. తాడైతే ఎక్కడైనా ఒకటే.

శాస్త్రవేత్త పాస్కల్ కోరితే ఆయన బావ పెరియే 1648 సెప్టెంబరు 19న పాదరసపు గొట్టంతో ఫ్రాన్స్‌లో పుయ్ ద దోమ్ కొండెక్కాడు. పాదరసం మూడంగుళాలకు పైగా దిగింది. అంతకంటే నన్ను కదిలించేది కింద మఠం తోటలో వదిలిపెట్టిన రెండో గొట్టం. ఒక సన్యాసి రోజంతా దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. అది కదల్లేదు. అది లేకుంటే ఆ రోజు వాతావరణం మారిందేమో అన్న అనుమానం మిగిలిపోయేది.

దీన్ని మన దగ్గరా నీళ్లతో చూడొచ్చు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. లెక్క వేస్తే అక్కడ నీళ్లు ఎక్కే హద్దు సముద్రతీరంలో కంటే దాదాపు రెండడుగులు తక్కువ రావాలి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు మందమైనది తీసుకుని, మరిగించి చల్లార్చిన నీళ్లతో నింపి, పై కొస బిగించి, కింది కొస బకెట్ నీళ్లలో ముంచి మూడో అంతస్తు దాటేదాకా పైకి లాగితే నీళ్లు ఒకచోట ఆగి పైన ఖాళీ ఏర్పడుతుంది. వేడికి పుట్టే ఆవిరి ఆ మట్టాన్ని ఇంకో అడుగు, అడుగున్నర దాకా దించుతుంది. అందుకే రెండుచోట్లా నీళ్ల వేడి ఒకటే ఉండాలి. ఒక పైపు మహబూబ్‌నగర్‌లో, ఒకటి మచిలీపట్నంలో, ఒకే రోజు, ఒకే గంటకు.