బుద్ధిపూర్వక పాపం, పశ్చాత్తాపం: ఒక హెచ్చరిక వెనుక చరిత్ర

సత్యాన్ని ఎరిగిన తరువాత బుద్ధిపూర్వకంగా పాపం చేసేవారికి ఇక బలి మిగలదని బైబిలు కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం 26వ వచనం హెచ్చరిస్తుంది. ఈ మాట చదివి నిద్రపట్టని విశ్వాసులు ప్రతి తరంలోనూ ఉన్నారు. దానిని పట్టించుకోకుండా దాటిపోయినవారూ ఉన్నారు.

హెచ్చరిక మూలం మోషే ధర్మశాస్త్రంలోనే ఉంది. సంఖ్యాకాండము 15వ అధ్యాయం ప్రకారం తెలియక పాపం చేసినవాడు ఏడాది ఆడమేకపిల్లను అర్పిస్తే క్షమాపణ దొరికేది. సాహసించి చేసినవాడికి మాత్రం ఏ బలీ నిర్ణయించలేదు, వాడిని జనులలోనుండి కొట్టివేయాలి. అయినా వ్యభిచారానికీ, దానిని దాచడానికి హత్యకూ తెలిసి తెలిసి ఒడిగట్టిన దావీదు రాజు, నాతాను ప్రవక్త గద్దించినప్పుడు తన పాపాన్ని ఒప్పుకొని క్షమాపణ పొందాడు. అతని పేరిట ఉన్న 51వ కీర్తన, బలిని కాదు, విరిగి నలిగిన హృదయాన్నే దేవుడు అంగీకరిస్తాడని చెబుతుంది.

తొలి సంఘం ఈ రెండింటి మధ్య నలిగింది. రెండవ శతాబ్దంలో రోములో వెలువడిన ‘హెర్మాసు కాపరి’ అనే క్రైస్తవ గ్రంథం బాప్తిస్మం తరువాత ఒక్కసారే పశ్చాత్తాపానికి అవకాశం ఉందని బోధించింది. ఆ భయంతో బాప్తిస్మాన్నే వాయిదా వేసుకున్నవారు ఎందరో. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కూడా 337లో మరణానికి కొద్దికాలం ముందే దానిని పొందాడు.

అసలు పరీక్ష 250లో వచ్చింది. దేవతలకు బలి అర్పించి, అధికారుల ఎదుట ధ్రువపత్రం తీసుకోవాలని రోమా చక్రవర్తి డేసియస్ ఆజ్ఞాపించాడు. ఈజిప్టులో దొరికిన అలాంటి పపైరస్ పత్రాలలో, తాను ఎల్లప్పుడూ దేవతలకు బలులు అర్పించానని, ఇప్పుడు అధికారుల సమక్షంలో పానార్పణ చేసి బలిమాంసం రుచి చూశానని అర్జీదారు రాసి ఇచ్చిన వాక్యాలు నేటికీ కనిపిస్తాయి. కొందరు క్రైస్తవులు నిజంగానే బలి అర్పించారు, మరికొందరు డబ్బిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వీరిలో అనేకులు ఏడుస్తూ సంఘం తలుపు తట్టారు. రోములో నోవేషియన్ అనే సంఘ పెద్ద వారిని చేర్చుకోరాదన్నాడు. కార్తేజీ బిషప్ సిప్రియన్ మాత్రం పశ్చాత్తాపం లేకుండా తొందరపడి చేర్చుకోవడాన్నీ, పశ్చాత్తాపపడినవారిని తరిమివేయడాన్నీ ఒకేలా వ్యతిరేకించాడు. హెబ్రీ పత్రిక మాట్లాడింది దేవుని కుమారుని కాళ్లతో తొక్కినవారి గురించి గనుక, తిరిగి రావాలని ఏడ్చేవారిపై ఆ వచనాన్ని ప్రయోగించడం అన్యాయమే. కానీ మనస్సాక్షిని తెలిసి తెలిసి అణచివేస్తూ పోతే ఆ ఏడుపే రాకుండా పోతుంది. ఆ పత్రిక 3వ అధ్యాయం పాపపు మోసం వల్ల హృదయం కఠినమవుతుందని చెప్పిన ప్రమాదం అదే.

325లో బిషప్పులు కూడిన నైసియా మహాసభ ఈ మధ్యేమార్గాన్ని నియమాలుగా మార్చింది. ఒత్తిడి లేకుండానే విశ్వాసాన్ని వదిలినవారు మూడేళ్లు వాక్యం వినేవారితో, ఏడేళ్లు సాష్టాంగపడేవారితో, మరో రెండేళ్లు ప్రభువు బల్లలో పాలు లేకుండా ప్రార్థనలో మాత్రమే ఉండాలి. కఠినమే అయినా తలుపు మూయలేదు.

తరువాత బహిరంగ క్రమశిక్షణ స్థానంలో గురువు ఎదుట ఏకాంతంగా పాపాలు ఒప్పుకోవడం వ్యాపించింది; 1215లో నాల్గవ లేటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా అది తప్పనిసరి అని నిర్ణయించింది. కాలక్రమంలో పాపశిక్షను తగ్గించే పత్రాలను డబ్బుకు అమ్మడం మొదలైంది, వాటిని కొన్నవారిలో ఇక పశ్చాత్తాపంతో పని లేదన్న ధీమా పెరిగింది. దీనికి జవాబుగానే జర్మనీ సన్యాసి మార్టిన్ లూథర్ 1517లో తన 95 సిద్ధాంతాలలో మొదటిదానిగా, ప్రభువు మారుమనస్సు పొందుడని చెప్పినప్పుడు విశ్వాసుల జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని కోరాడని రాశాడు.