టీ ధర పెరిగిందని అమెరికా తిరగబడలేదు

సివిల్స్‌కు ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. ఏ బ్యాచ్ పేపర్లు దిద్దినా ఈ వాక్యం తగలకుండా పోదు: "టీ మీద పన్ను పెంచారు, ధర పెరిగింది, బోస్టన్ జనం తిరగబడ్డారు."

అపోహ: పన్నుల భారం మోయలేక తిరుగుబాటు.

వాస్తవం: అమెరికా ఇంకా బ్రిటన్ వలసగా ఉన్నప్పుడు వచ్చిన 1773 టీ చట్టంతో ధర తగ్గేది! పౌండు (దాదాపు అరకిలో) టీకి 3 పెన్నీల సుంకం 1767 నుంచీ ఉన్నదే. ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో మునిగింది, లండన్ గోదాముల్లో టీ పేరుకుపోయింది. దాన్ని నేరుగా అమెరికాకు పంపుకోమన్నారు, ఇంగ్లండ్‌లో కట్టిన సుంకం వాపసు ఇస్తామన్నారు. దాంతో డచ్చివాళ్ల దగ్గర్నుంచి దొంగచాటుగా వచ్చే టీ కన్నా ఇదే చవక.

"ధర తగ్గితే గొడవెందుకు సార్?" అని ఒకమ్మాయి అడిగింది, మార్కులు పోయి కళ్లనీళ్లతో. వాళ్లది కిరాణా కొట్టు. మీ వీధిలోకి పెద్ద కంపెనీ దిగి సగం ధరకు అమ్మితే మీ నాన్న సంబరపడతారా అన్నాను. నవ్వేసింది.

వ్యాపారుల కడుపుమంట సంగతి అది. సరుకు అమ్మే హక్కు కంపెనీ ఎంచుకున్న కొద్దిమందికే. బోస్టన్‌లో వాళ్లలో అక్కడి బ్రిటిష్ గవర్నర్ హచిన్సన్ కొడుకులిద్దరు. అసలు చిక్కు ఇంకోటి. చవకని ఆశపడి ఆ 3 పెన్నీలు కడితే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని బ్రిటిష్ పార్లమెంటుకు పన్ను వేసే హక్కుందని ఒప్పుకున్నట్టే. పైగా ఆ సొమ్ముతో గవర్నర్లకు, జడ్జీలకు జీతాలు. జీతం స్థానిక సభ చేతిలో ఉన్నన్నాళ్లూ గవర్నరు కాస్త అదుపులో ఉండేవాడు. ఆ పగ్గం తెగింది. డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ జనం ఓడలెక్కి 342 పెట్టెల టీ సముద్రంలో పారేసింది అందుకు.

అపోహ: ఆ టీ అస్సాంది.
కాదు, చైనాది. అస్సాం టీ లండన్ చేరడానికి ఇంకా 60 ఏళ్లకు పైనే పట్టింది. వాట్సాప్‌లో తిప్పడం ఆపండి. మనకు సంబంధమే కావాలంటే 1770 బెంగాల్ కరవు చూడండి. కంపెనీ దెబ్బతినడానికి అదీ ఒక కారణం.

అపోహ: మొదట్నుంచీ స్వాతంత్ర్యమే లక్ష్యం.
1775 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యంతో తుపాకులు పేలాక కూడా, జులైలో రాజుకు రాజీ విన్నపం పంపారు. మూడో జార్జి దాన్ని తీసుకోనే లేదు.

తేదీలతో టెన్షన్ పడేవాళ్లు మూడు పట్టుకోండి, చాలు. ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం బ్రిటన్‌కు మిగిల్చిన అప్పు, 1763. కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం రద్దు చేసిన రోజే "మీ మీద ఏ చట్టమైనా చేస్తాం" అన్న డిక్లరేటరీ చట్టం, 1766. టీ పారేసినందుకు శిక్షగా బోస్టన్ రేవు మూసివేత, 1774. జవాబు ఈ వరసలో రాయండి, టీ పెట్టెల దగ్గర మొదలుపెట్టకండి.