మూడు బిట్లు ఇచ్చారు, లెక్క వదిలేశారు
ఆఫీసు నెట్‌వర్క్ మీద వెళ్ళే కాల్స్‌లో గొంతు తెగిపోతోందనగానే మళ్ళీ అదే గొడవ మొదలైంది. లింకు వేగం పెంచితే పోయేదానికి ప్లానింగ్ ఎందుకని కొందరు, డేటా వంతు కోసం ఆగే క్యూలు సరిచేయకుండా ఎంత పెంచినా ఇంతేనని ఇంకొందరు. ఆఫీసు కంప్యూటర్లని కేబుళ్ళతో కలిపే ఈథర్‌నెట్ పుట్టుక కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నన్నడిగితే ముడి పడింది 1998లో.

ఆ ఏడాది వచ్చిన 802.1క్యూ ప్రమాణం ఈథర్‌నెట్ ఫ్రేముకి, అంటే ఒక్కో డేటా ముక్కకి, నాలుగు బైట్ల ట్యాగ్ తగిలించింది. అందులో మూడు బిట్లు ప్రాధాన్యానికి, అంటే 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు. (తమాషా ఏంటంటే 1 అనేది 0 కంటే కింది మెట్టు, ఇప్పటికీ దీన్ని తిరగేసి కాన్ఫిగర్ చేసేవాళ్ళున్నారు.) ఏ అంకె ఎవరు వేసుకోవచ్చు, ఎంతవరకు ఒప్పుకోవాలి అన్న లెక్క మాత్రం ఆ ట్యాగ్‌లో లేదు. అప్పటి పోటీదారు ఏటీఎం (డబ్బులిచ్చేది కాదు, ఇంకో నెట్‌వర్క్ పద్ధతి) కనెక్షన్ పెట్టేముందే ఎంత కావాలో అడిగి, చోటుంటేనే రానిచ్చేది.

అదే ఏడాది గిగాబిట్ ఈథర్‌నెట్ కూడా వచ్చేసింది. 10 మెగాబిట్ల లింకు మీద 1.2 మిల్లీసెకన్లు పట్టే పెద్ద ఫ్రేము 12 మైక్రోసెకన్లలో దాటిపోతుంటే ఇక లెక్కలెందుకు అనుకున్నారు. లింకు పెంచమనేవాళ్ళ వాదన ఇదే, చాలాకాలం నిలబడింది కూడా.

కానీ 24 గిగాబిట్ పోర్టులు ఒకే గిగాబిట్ అప్‌లింకులోకి, అంటే పై నెట్‌వర్క్‌కి వెళ్ళే లింకులోకి, చేరే స్విచ్‌ని (కేబుళ్ళన్నీ కలిసే పెట్టెని) చూడండి. ఐదు నిమిషాల సగటు గ్రాఫులో వాడకం 15 శాతమే కనిపిస్తుంది, అయినా ఏ రెండు పోర్టులో ఒక్క క్షణం ఫుల్ స్పీడులో పంపాయంటే మిల్లీసెకనుకి 125 కిలోబైట్ల చొప్పున బఫర్‌లో (స్విచ్‌లో డేటా ఆగే చోట) పేరుకుంటాయి, అది నిండిందా, ఆపై వచ్చినవి పడిపోతాయి, గ్రాఫుకి తెలియను కూడా తెలియదు. జీ.711 అనే పద్ధతిలో గొంతుని డేటాగా మార్చే కాల్‌కి ఒక్కో వైపు పట్టేది దాదాపు 90 కిలోబిట్లు. వంద కాల్స్ కలిపినా 9 మెగాబిట్లు, గిగాబిట్‌లో ఒక శాతం కూడా కాదు. ఆ కాస్తకీ ముందు క్యూ ఇచ్చి దానికో పరిమితి పెడితే చాలు. అది చేయకుండా ప్రతి కంప్యూటర్ వేసుకున్న అంకెనీ నమ్మితే బ్యాకప్ కూడా 5 లాంటి పై మెట్టు అంకె రాసుకుని వస్తుంది, అందరూ అందలమెక్కితే మోసేదెవరు?

ముందే అడిగి చోటు కేటాయించే పద్ధతి ఈథర్‌నెట్ ప్రమాణాల్లోకి 2010లో 802.1క్యూఏటీతో వచ్చింది, టైమ్ ప్రకారం గేట్లు తెరిచే 802.1క్యూబీవీ 2015 నాటిది. అవి ఆడియో పరికరాలకీ, ఫ్యాక్టరీలకీ వెళ్ళాయి. ఆఫీసు స్విచ్‌లు ఎక్కువగా ఇంకా ఆ మూడు బిట్ల మీదే నడుస్తున్నాయి.

ఇప్పటి గొడవలో వాడకం గ్రాఫులు పెట్టినవాళ్ళు చాలామంది. ఆ అప్‌లింకులో ఏ క్యూలో ఎన్ని ఫ్రేములు పడిపోయాయో చూపే కౌంటర్ పెట్టినవాళ్ళు మాత్రం నాకు ఒక్కరూ కనిపించలేదు.