పురుగు ముట్టినంక: గుర్రం నెత్తురు నుంచి కంప్యూటర్ గీసిన ప్రొటీన్ దాకా

పాలమూరు పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తరు. "పురుగు ముట్టింది" అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, ఇంటిల్లిపాదీ లేస్తారు. పొద్దుగూకాక మోటరు వేయడానికి చెల్కకు పోయే రైతుకు, పత్తి ఏరే కూలికి ఇది ఏటా ఉండే భయమే. దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది పోయారని అంచనా. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

2025 జనవరిలో నాగుపాము విషానికి కంప్యూటర్‌తో విరుగుడు చేశారన్న వార్త వచ్చింది. వార్త నిజమే కానీ సగమే.

ఇప్పుడు మన ఆస్పత్రుల్లో ఎక్కించే మందు పుట్టింది 1890ల్లో. ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ చూపిన దారి అది. గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కిస్తే దాని నెత్తురులో విషాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు తయారవుతాయి, వాటిని తీసి మనిషికి ఎక్కిస్తారు. పద్ధతి నేటికీ అదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి ఒకే మందు కాబట్టి, కరిచినదాన్ని చంపి సంచిలో వేసుకొచ్చే పని లేదు (అయినా తెస్తూనే ఉంటారు). ఈ మందుకు కావలసిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులో ఇరుల తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తుంది. మన చెంచుల్లాగే వాళ్లూ అడవి ఎరిగినవాళ్లు. చిక్కేమిటంటే, ఒకే జాతి పాములోనూ ప్రాంతాన్ని బట్టి విషం మారుతుంది. అక్కడి విషంతో చేసిన మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు.

రెండో దారి ప్రొటీన్ల ఆకారం వెతుక్కుంటూ వచ్చింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు మన కట్లపాముకు దాయాది అయిన పాము విషం నుంచి ఒక విష ప్రొటీన్‌ను విడదీశారు. అదే ఏడు మద్రాసులో శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్, ఇద్దరు సహచరులతో కలిసి, ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో పటం గీశారు. కంప్యూటర్ గీసినా, ఎక్స్‌రే చూపినా, ఆకారం కుదిరిందా లేదా అని ఇప్పటికీ ఆ పటంతోనే సరిచూస్తారు. నాకైతే ఈ కథలో ముచ్చటైన చోటు ఇదే.

1970ల్లో సముద్రపు పాము విషంలోని ఇలాంటి ప్రొటీన్ ఆకారం ఎక్స్‌రేలో తేలింది. 60, 70 అమైనో ఆమ్లాల గొలుసు, మూడు వేళ్లు చాచిన చెయ్యిలా ఉంది. నాగుపాము విషంలోనూ ఇదే కుటుంబం ఉంది. ఆ వేళ్లు పోయి కండరం మీద నరం సంకేతం అందుకునే చోట కూర్చుంటాయి. ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత ఊపిరి ఆగుతుంది.

ఆకారం తెలిసినా దానికి సరిపడే మూత చేయడం యాభై ఏళ్లు చేతకాలేదు. అమెరికాలోని సియాటెల్‌లో శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ బృందం 2003లో ప్రకృతిలో లేని ఆకారంతో ఒక ప్రొటీన్‌ను కట్టింది. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రొటీన్ గొలుసు చూసి ఆకారం చెప్పేసింది. 2024 రసాయన నోబెల్ బేకర్‌కూ, ఆల్ఫాఫోల్డ్ చేసిన హసబిస్, జంపర్‌లకూ కలిపి ఇచ్చారు. బేకర్ బృందమే డెన్మార్క్ పరిశోధకులతో కలిసి ఆ మూడు వేళ్లను కప్పేసే చిన్న ప్రొటీన్లను గీసింది. విషం ఎక్కించాక వాటిని అందుకున్న ఎలుకలు నూటికి 80 నుంచి 100 దాకా బతికాయి. వీటికి గుర్రం అక్కర్లేదు, వేడికీ తట్టుకుంటాయి.

కానీ ఎలుకలవి ఎలుకలే. పైగా రక్తపింజర విషం నడిచే దారి వేరు. అది నెత్తురును గడ్డకట్టనివ్వదు, ఆ పని చేసే ప్రొటీన్లు వేరే కుటుంబాలవి. మూడు వేళ్ల మీదికి గీసిన మూత వాటికి పట్టదు.

కాబట్టి రక్తపింజర కాటుకు ఇప్పటికీ జరిగేది పాత పద్ధతే. శుభ్రమైన గాజు గొట్టంలో రెండు ఎం.ఎల్. నెత్తురు పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే ఆ గుర్రం మందు సీసాలు తీస్తారు. తెల్ల పొడిలో నీళ్లు పోసి, నురగ రాకుండా, మెల్లగా తిప్పుతారు.