విక్టోరియా కేసు సాక్ష్యాలు పరిశోధకులకు ఎందుకు ముఖ్యమయ్యాయి

1973 జనవరిలో బ్రైటన్‌లో ఏడేళ్ల మరియా కోల్వెల్ సవతి తండ్రి కొట్టిన దెబ్బలకు చనిపోయింది. దానిపై బహిరంగ విచారణ జరిగాక బ్రిటన్‌లో అలాంటి విచారణల నివేదికలు వరసగా వచ్చాయి. 1994 వరకు వచ్చిన వాటిలో 45 నివేదికలను పిల్లల రక్షణపై పరిశోధన చేసే ఎలీన్ మన్రో పరిశీలించారు. కుటుంబం గురించి ఒకసారి ఏర్పడిన అభిప్రాయాన్ని సోషల్ వర్కర్లు అంత త్వరగా మార్చుకోవడం లేదని 1999లో రాశారు. అయితే నివేదిక అంటే విచారణ జరిపినవాళ్లు వడకట్టి ఇచ్చినది. ఎవరికి ఎప్పుడు ఏం తెలిసిందో వాళ్ల నోటనే వినాలంటే సాక్ష్యాలే చదవాలి.

విక్టోరియా క్లింబీ కేసులో ఆ వీలు దొరికింది. ఐవరీ కోస్ట్‌కు చెందిన ఈ ఎనిమిదేళ్ల పాప 2000 ఫిబ్రవరి 25న లండన్‌లో చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. నాయనమ్మ వరసయ్యే మహిళకు, ఆమె సహచరుడికి యావజ్జీవ శిక్ష పడింది. దీనిపై ప్రభుత్వం నియమించిన లార్డ్ లామింగ్ జరిపిన విచారణలో వైద్యులు, పోలీసులు, సోషల్ వర్కర్లు చెప్పిన సాక్ష్యాలను పూర్తి పాఠంతో ఇంటర్నెట్‌లో పెట్టారు.

వాటిని చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. 1999 జూలైలో పాపను ఎవరో కొట్టారని ఆసుపత్రిలో ఒక డాక్టర్ అనుమానించారు. సీనియర్ డాక్టర్ చూసి గజ్జి అన్నారు. 'పిల్లల రక్షణకు సంబంధించిన సమస్య లేదు' అని సోషల్ సర్వీసెస్‌కు (పిల్లల సంక్షేమం చూసే స్థానిక ప్రభుత్వ విభాగానికి) ఉత్తరం వెళ్లింది. తర్వాత మరో ఆసుపత్రిలో కాలిన గాయాలతో చేరినప్పుడు సోషల్ వర్కర్, పోలీసు అధికారి ఇంటికి వెళ్లాలనుకున్నారు. గజ్జి అంటుకుంటుందని భయపడి మానుకున్నారు. ఒక డాక్టర్ అన్న మాట ఇంకొక ఆఫీసుకు చేరేసరికి పాప గురించి అడగకుండా ఉండటానికి కారణమైపోయింది. ఇది ఫైలు ఒక్కటే చదివితే ఇంత స్పష్టంగా కనిపించదు. వాళ్లకు తెలిసిన పేరు కూడా నిజం కాదు. ఆమెను 'ఆనా' అనే నమోదు చేశారు.

కాపాడగలిగిన సందర్భాలు కనీసం 12 ఉన్నాయని 2003 జనవరిలో వచ్చిన లామింగ్ నివేదిక తేల్చింది. 108 సిఫారసులు చేసి, కింది ఉద్యోగుల కంటే పై అధికారుల బాధ్యతే పెద్దదని గట్టిగా చెప్పింది. 2004 బాలల చట్టం దీని తర్వాతే వచ్చింది.

అయినా సాక్ష్యాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదని నా అభిప్రాయం. జరిగి రెండేళ్లు దాటాక, లాయర్ల ప్రశ్నల మధ్య, ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌లో చెప్పిన మాటలవి. అందుకే ఆనాటి కేస్ నోట్సును పక్కన పెట్టుకుని చదవాలి. రెండూ కలవని చోట ఆగి, ఎందుకు కలవలేదో అడగాలి.