పుష్‌రాడ్ ఎందుకు వంగింది?

"లారీ ఇంజన్‌లో మూడో సిలిండర్ పుష్‌రాడ్ వంగితే కొత్తది వేయించాం. నాలుగు రోజులకు అదీ వంగింది. నాసిరకం సరుకంటారా?" అని ఒక పాఠకుడు అడిగారు. అయ్యుండొచ్చు. పందెం కాయమంటే మాత్రం నేను గైడ్‌లో (వాల్వు కాడ జారే గొట్టంలో) ఇరుక్కున్న వాల్వు మీదే కాస్తాను. ఫ్యూజు ఎందుకు కొట్టేసిందో చూడకుండా మళ్లీ మళ్లీ తీగ కట్టేవాళ్లుంటారే, ఇదీ అలాంటి పనే.

తిరిగే ఇరుసు మీది మిట్ట, అంటే క్యామ్, టాపెట్ అనే దిమ్మను లేపుతుంది, టాపెట్ పుష్‌రాడ్ అనే సన్నటి కడ్డీని నెడుతుంది, పుష్‌రాడ్ రాకర్ అనే మీటను తిప్పుతుంది, రాకర్ సిలిండర్‌కు గాలి దారి తెరిచే వాల్వును కిందికి నొక్కుతుంది. ఇంజన్ 1800 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 15 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. వాల్వు కాడకూ గైడ్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. తల వెంట్రుక మందమంత కూడా ఉండకపోవచ్చు. అందులోకి మసి, కాలిన ఆయిల్ జిగురు చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేసిన ఇంజన్లకు ఈ జబ్బు ఎక్కువ. సిలిండర్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వద్దాం. సన్నటి కడ్డీని నిలువునా నొక్కితే ఎంత బరువు దగ్గర పక్కకు వంగిపోతుందో 1744లోనే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ లెక్కకట్టాడు. క్లాసులో దీన్ని స్తంభం బొమ్మ గీసి చెబుతారు, పిల్లలు బట్టీపడతారు. పుష్‌రాడ్ చేతికిచ్చి చెబితే ఎంత బాగుంటుంది! రెండు చివరలూ గుంటల్లో కూర్చుని అటూ ఇటూ ఒరగగలవు కాబట్టి పుస్తకంలోని సూత్రం దీనికి అచ్చంగా సరిపోతుంది. బయటి వ్యాసం 10 మి.మీ., లోపలి బోలు 6 మి.మీ., పొడవు 300 మి.మీ. ఉన్న ఉక్కు గొట్టం అనుకుందాం. సూత్రంలో వేస్తే సుమారు 9,400 న్యూటన్లు వస్తుంది, అంటే టన్నుకు కాస్త తక్కువ బరువు. పొడవు 400 మి.మీ. చేస్తే అది 5,300కు పడిపోతుంది, ఎందుకంటే పొడవు వర్గం కొద్దీ బలం తగ్గుతుంది. బోలు వల్ల నష్టమేమీ లేదా అంటే, నిండు కడ్డీతో పోలిస్తే ఉక్కు 36 శాతం తగ్గినా వంగకుండా నిలిచే శక్తి 13 శాతమే తగ్గుతుంది. పైగా చాలా ఇంజన్లలో రాకర్లకు ఆయిల్ ఎక్కేది ఆ బోలులోంచే.

వాల్వు స్వేచ్ఛగా కదులుతున్నంతసేపూ పుష్‌రాడ్ మీద ఇంత భారం రాదు. వాల్వు బిగుసుకుపోతే క్యామ్ ఆగదు కదా, వెనక బరువైన చక్రం ఫ్లైవీల్ తోస్తూనే ఉంటుంది. మధ్యలో ఎవరో ఒకరు లొంగాలి. ఒకసారి వంగినదాన్ని సుత్తితో సరిచేసి మళ్లీ వేస్తారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి. కంటికి కనిపించని కొద్దిపాటి వంపు మిగిలినా అది అంతకంటే తక్కువ భారానికే మళ్లీ వంగుతుంది.

ఎన్ని వంగాయన్నదీ చూడాలి. ఒక్కటే అయితే ఆ వాల్వునే పట్టుకోండి. నాలుగైదు వంగితే బండి దిగుడులో తక్కువ గేరులో హద్దు మీరి తిరిగిందేమో అడగాలి. ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ డీజిల్ ఆపగలదు గానీ చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటే అదేం చేస్తుంది? స్ప్రింగులు వాల్వులను సమయానికి మూయలేవు, పిస్టన్ వచ్చి తగులుతుంది.

విప్పకముందు చెవి బాగా పనికొస్తుంది. క్యామ్ వేగం, పిస్టన్లు తిప్పే క్రాంక్ వేగంలో సగం. 600 ఆర్‌పీఎం ఐడిల్‌లో వాల్వు వైపు టక్‌టక్ సెకనుకు 5 సార్లు వస్తే, కింద బేరింగ్ కొట్టుడు 10 సార్లు వస్తుంది. ఇక ఎగ్జాస్ట్ వాల్వు అసలు తెరుచుకోకపోతే కాలిన గాలికి దారి ఉండదు. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోగానే అది వెనక్కి తన్ని ఎయిర్ ఫిల్టర్ వైపు ఫట్‌ఫట్‌మంటుంది. తమాషా ఏమిటంటే, అలాంటి సిలిండర్ లోపలి గాలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టులో పాసైపోతుంది, గాలి పట్టి చూసే లీక్ టెస్టులోనూ పాసే. వాల్వు మూసుకునే ఉంది, ఎక్కడా లీకు లేదు మరి! రీడింగ్ బాగుందని డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మార్చేసి డబ్బు తగలేసేది ఇక్కడే. ఇన్‌టేక్ తెరుచుకోకపోతే మాత్రం గాలే రాదు కాబట్టి కంప్రెషన్ పడిపోతుంది.

కవర్ తీశాక ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ రాకర్లు ఎంతెంత దిగుతున్నాయో కొద్దిపాటి కదలికనూ సూదితో చూపే డయల్ గేజ్ పెట్టి పోల్చండి. వాల్వు మూసుకున్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లకు తిరగాలి. బయటికి తీసి అద్దం పలక మీద దొర్లిస్తే వంపు కింద వెలుతురు సందు కనిపిస్తుంది. రాకర్‌ను లివర్‌తో కొద్దిగా నొక్కి వదిలితే మంచి వాల్వు టప్‌మని లేస్తుంది, జబ్బుది బద్ధకంగా పైకొస్తుంది. పొద్దున్నే పట్టేసి వేడెక్కాక సర్దుకుంటే జిగురో తుప్పో అనుకోవచ్చు. వేడిలోనే పట్టేస్తుంటే గైడ్ ఖాళీ చాలడం లేదేమో, కూలెంట్, ఆయిల్ సరిగా అందుతున్నాయా చూడాలి.

ఆ పాఠకుడి ఇంజన్‌కు ఇంకొక్క పరీక్ష ఉంది. ఇంజెక్టర్ తీసి ఆ రంధ్రంలోంచి సన్న కెమెరా దించి పిస్టన్ తల చూడాలి. మసి మీద నెలవంకలాంటి మెరిసే గుర్తు ఉంటే వాల్వు పిస్టన్‌కు తగిలినట్టే, దాని కాడ కూడా వంగి ఉండొచ్చు. అప్పుడు మూడో పుష్‌రాడ్ కొనకముందే వాల్వులుండే పైభాగం, అంటే హెడ్, దించక తప్పదు.